మారేడుమిల్లిలో ముందు ఆర్డర్... తర్వాతే జలపాతం!

కార్తీక మాసం వస్తోందంటే చాలు, మా రాజమండ్రి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల... 'మారేడుమిల్లి ఎప్పుడు?' వనభోజనాలని పెద్దవాళ్లు, బైక్ రైడ్ అని కుర్రాళ్లు, 'పుష్ప' తీసిన అడవి చూడాలని పిల్లలు. రూమ్ ఎక్కడ, గుడిసె కొండకి జీప్ ఎంత, ఫొటోలు ఏ టైమ్‌లో బావుంటాయి... అన్నీ నెల ముందే సెట్టయిపోతాయి. 'మరి తిండో?' అంటే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: 'అక్కడ బొంగులో చికెన్ ఉంటుందిగా!'

ఉంటుందండీ, ఎందుకుండదు! కానీ మీరు వెళ్లి కూర్చోగానే ఉండదు. కొండమీద తిండి సంగతంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. కింద మన ఊళ్లో వంట ముందు, మనం తర్వాత. అక్కడ మనం ముందు, వంట తర్వాత. ఈ తేడా తెలిస్తే ట్రిప్ హాయిగా గడుస్తుంది. తెలియకపోతే మధ్యాహ్నం మూడింటికి చిప్స్ ప్యాకెట్టే భోజనం. ఏటా రెండుమూడు సార్లు వెళ్లొస్తుంటాను కాబట్టి, ఈవారం ఆ లెక్కలన్నీ మీకు చెప్పేస్తాను.

టిఫిన్ కిందే కానిచ్చేయండి

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి దాదాపు 85 కిలోమీటర్లు. కోరుకొండ, గోకవరం, రంపచోడవరం మీదుగా రోడ్డు. ఆగుతూ వెళ్తే రెండున్నర గంటలు. 2022 ఏప్రిల్ దాకా మా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. అప్పటి జిల్లాల విభజనలో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. కాగితం మీద ఏ జిల్లా అయినా మాకు మాత్రం 'మన మారేడుమిల్లే'.

టిఫిన్ రాజమండ్రిలోనో, మరీ లేటైతే గోకవరంలోనో చేసేయండి. అక్కడి నుంచి ముందుకెళ్లేకొద్దీ హోటళ్లు పల్చబడతాయి. ఒక్క మాట... నెయ్యి కారే పెసరట్టు ఉప్మా మన ప్రాణమే, కాదనను. కానీ రంపచోడవరం దాటాక రోడ్డు మెలికలు తిరగడం మొదలెడుతుంది. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి ఆ పెసరట్టు గొంతులోనే ఉంటుంది. వెళ్లేటప్పుడు ఇడ్లీ తినండి. పెసరట్టు తిరిగొచ్చాక.

రంపచోడవరం చివరి పెద్ద ఊరు అనుకోండి. ఏటీఎం, మందుల షాపు, ఆసుపత్రి... ఏ పని ఉన్నా అక్కడే చూసుకోవాలి. చేతిలో కొంచెం క్యాష్ కూడా పెట్టుకోండి. కొండమీద సిగ్నల్ దాని ఇష్టం. తిన్నాక ఫోన్ పైకెత్తి పట్టుకుని, ఆ పేమెంట్ చక్రం తిరుగుతుంటే చూస్తూ నిలబడటం మనకీ బావోదు, డబ్బుల కోసం ఎదురుచూసేవాళ్లకీ బావోదు.

బ్యాగులో ఏం ఉండాలంటే, అరటిపళ్లు అరడజను, జంతికలు, వేరుశెనగ ఉండలు, మంచినీళ్లు. మన రావులపాలెం అరటిపండు పక్కనుంటే ఏ ఘాట్ రోడ్డూ భయపెట్టదు.

రిసార్టు వంటగది లెక్క వేరు

మారేడుమిల్లిలో బస మూడు రకాలు. పర్యాటక సంస్థ వాళ్ల రిసార్టు ఒకటి. వాలమూరు దగ్గర వాగు పక్కన, అటవీశాఖ అండతో స్థానిక గిరిజన కుటుంబాల సమితి చూసుకునే జంగిల్ స్టార్ క్యాంపు ఒకటి. ఇక ఈ మధ్య పెరిగిన ప్రైవేటు కాటేజీలు, టెంట్లు. ఎక్కడ దిగినా వంటగది సంగతి మాత్రం ఇంచుమించు ఒకటే.

ఆలోచించండి. కూరగాయలు, పాలు, గుడ్లు, గ్యాస్... చాలా సరుకు కిందనుంచే ఎక్కాలి. అడవి మధ్య ఎంతమంది వస్తారో ఎవరికీ ముందు తెలీదు. సోమవారం పది మంది, ఆదివారం రెండొందల మంది. అందుకే ఆర్డర్ వచ్చాకే కోడి తెగుతుంది, లెక్క తెలిశాకే ఎసరు పడుతుంది. మెనూ కార్డులో నలభై ఐటమ్స్ ఉండొచ్చు, పొయ్యిలు మాత్రం నాలుగే. మనం 'రొయ్యల వేపుడు ఉందా? అపోలో ఫిష్ ఉందా?' అని అడిగితే మర్యాదకి 'ఉందండీ' అంటారు. అది భీమవరం వైపు నుంచో, కాకినాడ నుంచో ఐసు పెట్టెలో మనకంటే ముందు ఘాట్ ఎక్కి కూర్చున్న సరుకు. డెల్టా తిండి డెల్టాలోనే తిందాం.

అందుకే రూమ్ బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు అడిగేయండి. ఒకటి, రేటులో టిఫిన్ కలిసే ఉందా? రెండు, భోజనం ఆర్డర్ ఎన్నింటిలోపు చెప్పాలి? మూడు, రాత్రి వంటగది ఎన్నింటికి మూస్తారు? నాలుగు, బయటినుంచి తెచ్చుకున్నది లోపల తిననిస్తారా? వీటికి జవాబులు తెలిస్తే మీ ప్లాన్ సగం అయిపోయినట్టే.

నాన్నగారి టాబ్లెట్

'నాలుగు ప్రశ్నలంటూ ఇంత హడావుడి అవసరమా?' అనిపించొచ్చు. మా ఇంట్లో మాత్రం చాలా అవసరం.

మా నాన్నగారికి షుగర్. భోజనానికి ముందు టాబ్లెట్ వేసుకుంటారు, అరగంటలో తినాలి. కిందటిసారి కుటుంబమంతా కలిసి వెళ్లాం. ఒంటిగంటకి భోజనం అని చెప్పారు కదాని, పన్నెండున్నరకి ఆయన టాబ్లెట్ వేసేసుకున్నారు. సరిగ్గా అప్పుడే ఓ బస్సు దిగింది. నలభై మంది. వంటగది మొత్తం అటు తిరిగిపోయింది. ఒంటిగంట, ఒకటిన్నర, రెండు... 'ఐదు నిమిషాలండీ' అంటూనే ఉన్నారు. వాళ్లూ పరుగులు పెడుతున్నారు, ఎవర్నని ఏం లాభం!

'ఏరా, అన్నం ఎప్పుడు పెడతారంటావ్?' అని నవ్వుతూ అడిగిన మనిషికి కాసేపట్లో నుదుటి మీద చెమటలు పట్టాయి. చేతులు వణుకుతున్నాయి. మాట తడబడుతోంది. గేటు బయట టీ బండి నడిపే ఆవిడ చూసి, ఏం అడక్కుండానే గ్లాసు నీళ్లలో పంచదార కలిపి తెచ్చిచ్చారు. పావుగంటకి నాన్నగారు తేరుకున్నారు. ఆ తర్వాత ఆవిడ తన కోసం కాచుకున్న చోడి జావ ఓ గ్లాసు పోసి, ఉల్లిపాయ ముక్క పక్కన పెట్టారు. డబ్బులిస్తే టీకి మాత్రం తీసుకున్నారు. 'జావకి లెక్కేంటి' అన్నారు.

అప్పట్నుంచి మా బ్యాగులో గ్లూకోజ్ ప్యాకెట్ ఉండాల్సిందే. మీరూ గుర్తుపెట్టుకోండి. షుగర్ పడిపోయినప్పుడు మనిషి స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదారో, గ్లూకోజో నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట చూసి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకో సంగతి... కొండమీద టాబ్లెట్ గడియారం చూసి వేసుకోకూడదు. పళ్లెం ఎదురుగా వచ్చాకే. ఈ మాట నాన్నగారికి డాక్టర్ గారే చెప్పారు. మీ ఇంట్లోవాళ్ల మందుల గురించి ప్రయాణానికి ముందే మీ డాక్టర్ని ఓ మాట అడిగేయండి.

బొంగు లోపల జరిగేది ఏంటంటే...

ఇక అసలు హీరో దగ్గరికి వద్దాం. మసాలా పట్టించిన కోడి ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద కాల్చడం. అంతే. నూనె చుక్క ఉండదు. మరి మాడదేం? పచ్చి బొంగు గోడలోనే నీరుంటుంది. బయట బొంగు నల్లగా కాలుతుంటే, లోపల ఆ తడీ, కోడిలో ఊరే నీరూ కలిసి ఆవిరవుతాయి. మూతికి ఆకు అడ్డం కాబట్టి ఆ ఆవిరి లోపలే తిరుగుతుంది. ముక్క తన కొవ్వులో తానే ఉడుకుతుంది. అంబాజీపేట పొట్టిక్కలు తిన్నారు కదా? పనసాకు బుట్టలో ఇడ్లీ పిండి ఉడికి, ఆ ఆకు వాసన పట్టుకుంటుంది. లెక్క అదే. అక్కడ పనసాకు, ఇక్కడ వెదురు.

ఇది మన మన్యానికే పరిమితం కాదు. ఈశాన్య రాష్ట్రాల్లో మాంసం, చేపలు వెదురులో వండుతారు. మలేషియాలో లెమాంగ్, థాయ్‌లాండ్‌లో ఖావ్ లామ్ అని బియ్యాన్ని కొబ్బరిపాలతో వెదురులో కాలుస్తారు. వెదురు పెరిగే కొండల్లో గిన్నె మోసుకెళ్లక్కర్లేదని ఎక్కడికక్కడ మనుషులకి తట్టిందన్నమాట.

కానీ దీనికి టైమ్ పడుతుంది. బొంగు నిప్పుల మీదకెక్కాక ముప్పావుగంట, ఒక్కోసారి గంట. మధ్యలో తిప్పుతూ ఉండాలి, లేదంటే ఒకవైపు మాడి ఒకవైపు పచ్చిగా ఉంటుంది. కోడి కోసి, కడిగి, మసాలా పట్టించేది కూడా కలుపుకుంటే గంటన్నర అనుకోండి. 'పది నిమిషాల్లో ఇచ్చేస్తాం' అని ఎవరైనా అన్నారా, అనుమానించాల్సిందే. ముందే వండిన కూరని బొంగులో పోసి వేడి చేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు.

అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? బొంగు చుట్టూ సమానంగా నల్లబడాలి. మీ ఎదురుగానే మూతి తీయాలి. తీయగానే ఆవిరితోపాటు పచ్చి వెదురు వాసన రావాలి. ముక్కలకి పులుసు కాకుండా, సొంత రసమే కొద్దిగా ఉండాలి. ఎముక దగ్గర ఎర్రగా కనిపిస్తే మొహమాటపడకుండా 'ఇంకాసేపు ఉంచండి' అనండి. పచ్చి కోడితో ఆటలొద్దు.

రోడ్డు పక్క బండి దగ్గర

రిసార్టులోనూ బొంగులో చికెన్ ఉంటుంది. టేబుల్, ఫ్యాను, చేతులు కడుక్కోడానికి కుళాయి... పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే అదే సుఖం. మీరు కుర్రాళ్లయితే మాత్రం ఓ పూటైనా రోడ్డు పక్కన పొయ్యిల దగ్గర తినండి. ఊళ్లోనూ, భద్రాచలం వైపు వెళ్లే రోడ్డు పొడవునా కనిపిస్తాయి. చాలావరకు ఇంటిల్లిపాదీ కలిసి నడిపేవే. ఒకరు బొంగు కోస్తారు, ఒకరు కోడి శుభ్రం చేస్తారు, ఒకరు నిప్పులు చూస్తారు.

బండి దగ్గర ఆగగానే ముందు రేటు అడగండి. కిలో లెక్కా, బొంగు లెక్కా? కిలో అంటే కోడి బరువా, కోసి శుభ్రం చేశాక బరువా? ఈ ఒక్క ప్రశ్నతో తర్వాత గొడవలుండవు. కిలో మాంసం ముగ్గురు నలుగురికి సరిపోతుంది. కారం ఎంతో కూడా అప్పుడే చెప్పేయండి. బొంగు మూసేశాక చెప్పి లాభం లేదు. అన్నం, పుల్కా వాళ్ల దగ్గర ఉందో లేదో కనుక్కోండి. కొన్ని బళ్ల దగ్గర చికెన్ ఒక్కటే ఉంటుంది.

ఇక ముఖ్యమైంది. ఆర్డర్ చెప్పి వాగు దగ్గరకి వెళ్లిన వాళ్లు తిరిగి రావాలి! ఓ బండి నడిపే ఆవిడతో మాట్లాడుతుంటే తెలిసింది. ఆదివారాలు రెండు మూడు ఆర్డర్లయినా అలా మిగిలిపోతాయట. చెప్పినవాళ్లు జలపాతం దగ్గర లేటయి, అటునుంచటే ఇంకెక్కడో తినేసి కిందకి దిగిపోతారు. కాలిన బొంగు మళ్లీ పనికిరాదు, కోసిన కోడి మళ్లీ లేవదు. రిసార్టుకి అయితే అడ్వాన్సు ఉంటుంది. ఆవిడకి ఉన్నది మన మాట ఒక్కటే. అందుకే నేను సగం డబ్బులు ముందే చేతిలో పెట్టి, 'ఇన్నింటికి వస్తాం' అని చెప్పి వెళ్తాను. ఆవిడకి ధీమా, మనకి వేడివేడిగా బొంగు. మర్యాదకి పెట్టింది పేరని గోదారోళ్లం చెప్పుకుంటాం కదా, కొండెక్కినా ఆ పేరు నిలబెట్టుకోవాలి.

నీచు తిననివాళ్లు ఏం చేయాలి?

కార్తీక మాసంలో వెళ్లేవాళ్లలో సగంమందికి ఇదే బెంగ. బొంగులో పనీర్, బొంగులో వెజ్ బిర్యానీ చాలాచోట్ల చేస్తారు. చెప్పి చేయించుకోవాలంతే. పొయ్యి వేరేగా కావాలంటే అదీ ముందే అడగండి.

బొంగు ఒక్కటే కొండ తిండి కాదు మరి. ఇక్కడి కొండరెడ్లు, కోయల ఇళ్లల్లో రోజూ బొంగులో చికెన్ వండుకుంటారనుకుంటే పొరపాటే. చోడి అంబలి, జొన్న, సామల అన్నం, చింతపండు పులుసు, వానాకాలంలో వెదురు కొమ్ముల కూర, ఎండాకాలంలో మామిడి టెంకల జావ... ఇవి వాళ్ల రోజువారీ వంటలు. మెనూ కార్డులో కనిపించవు. చోడి జావ మాత్రం అడిగితే కొన్ని బళ్ల దగ్గర దొరుకుతుంది. ఎండలో తిరిగొచ్చాక ఓ గ్లాసు తాగి చూడండి, ఏ కూల్‌డ్రింకూ సాటిరాదు. మీరున్న రోజున వారపు సంత ఉందేమో కనుక్కోండి. ఉంటే వెళ్లండి. ఏ కాలంలో కొండ ఏం తింటుందో అక్కడ గంపల్లో కనిపిస్తుంది.

జీలుగు కల్లు సంగతి కూడా అడుగుతారని తెలుసు. కొండరెడ్లకి జీలుగు చెట్టు ఇంటి మనిషి లాంటిది. కానీ ఘాట్ రోడ్డులో బండి నడిపేవాడు దాని జోలికి వెళ్లకూడదు. ఇందులో మొహమాటం లేదు, 'కొంచెమే' లేదు.

గుడిసెలోనూ, వాగుల దగ్గరా

గుడిసె కొండమీద సూర్యోదయం చూడాలంటే తెల్లవారుజామున చీకట్లోనే జీపెక్కాలి. ఆ టైమ్‌కి ఏ వంటగదీ తెరవరు. ముందురాత్రే రిసార్టులో అడిగి బ్రెడ్డో, ఉడకబెట్టిన గుడ్లో కట్టించుకోండి. ఫ్లాస్కులో టీ ఉంటే ఆ చలిలో మీరే మహారాజు. ఆ పచ్చిక మీద కవర్లు, కప్పులు మాత్రం వదలొద్దు. తెచ్చిన చెత్త తెచ్చిన బ్యాగులోనే కిందకి దిగాలి.

వాగు మధ్యలో బండరాళ్ల మీద కూర్చుని తినడం రీల్స్‌లో బావుంటుంది. కానీ పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండగా ఉండగానే నీళ్లు మీదకొచ్చేస్తాయి. 2024 సెప్టెంబరులో జలతరంగిణి దగ్గర ఏలూరు నుంచి విహారానికి వచ్చిన ముగ్గురు వైద్య విద్యార్థులు అలాగే కొట్టుకుపోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. మీ వయసువాళ్లే. విస్తరి ఒడ్డున వేసుకోండి. నీళ్లు రంగు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, పళ్లెం వదిలేసి పైకి వచ్చేయండి. ఆ వాగు నీళ్లు చూడటానికి ఎంత తేటగా ఉన్నా తాగొద్దు. ఏజెన్సీలో మలేరియా కూడా ఉంటుంది, సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చునేటప్పుడు చేతులు నిండా ఉన్న చొక్కా వేసుకోండి. తిరిగొచ్చిన రెండుమూడు వారాల్లో చలిజ్వరం వస్తే, మన్యం వెళ్లొచ్చామని డాక్టర్‌కి చెప్పండి.

దిగేటప్పుడు సంచిలో

తిరుగు ప్రయాణంలో ఏమన్నా కొనాలంటే తేనె, మిరియాలు, కాఫీ పొడి, చింతపండు, కొండచీపుళ్లు. మారేడుమిల్లి చుట్టూ కాఫీ, మిరియాల తోటలున్నాయి. తేనె అసలుదో కాదో తేల్చుకోలేకపోతే గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ వాళ్ల సరుకు తీసుకోండి. 1956 నుంచి గిరిజనుల దగ్గర అటవీ ఫలసాయం కొంటున్న ప్రభుత్వ సంస్థ అది. సంతలో కొంటే మాత్రం దయచేసి గీచి గీచి బేరం ఆడకండి. కాఫీ షాపులో కప్పుకి రెండొందలు పెట్టి నోరెత్తని మనం, కొండచీపురు దగ్గర పదిరూపాయలకి పావుగంట వాదిస్తాం.

చివరిగా మీ రోజు ఇలా ప్లాన్ చేసుకోండి. పదింటికి మారేడుమిల్లి చేరగానే బండి చూసుకుని, రేటు మాట్లాడి, సగం డబ్బులిచ్చి, ఒంటిగంటకి వస్తామని చెప్పండి. తర్వాత జలతరంగిణి చూడండి, ఫొటోలు దిగండి. పన్నెండున్నరకి బయల్దేరండి. మీరొచ్చేసరికి బొంగులు నిప్పుల మీద తిరుగుతుంటాయి. రాత్రి భోజనం రిసార్టులో, ఆర్డర్ సాయంత్రం ఐదింటికల్లా. పక్కన షుగర్ ఉన్నవాళ్లుంటే వాళ్ల జేబులో గ్లూకోజ్ ఉందో లేదో మీరే ఓసారి చూడండి. వాళ్లు 'ఉందిలే' అంటారు, నమ్మకండి.

వెళ్లొచ్చాక చెప్పండి, బొంగు ఎలా కుదిరిందో. ఉంటానండి, ఆయ్!